గిటారు నట్: ప్లాస్టిక్ తీసి ఎముక వేయాలనుకునేవారికి

గిటారు తల భాగానికీ ఫ్రెట్ బోర్డుకూ సరిహద్దులా, ఆరు తీగలూ ఆరు గాడుల్లో కూర్చుని దాటిపోయేలా అమర్చిన సన్నని ముక్కను నట్ అంటారు. విజయవాడలో ఏ హార్డ్‌వేర్ దుకాణానికి వెళ్ళి ఈ మాట అన్నా బోల్టుకు బిగించే నట్ తీసి చేతిలో పెడతారు కాబట్టి, ఏదైనా పనిముట్టు కోసం బజారుకు వెళ్ళేటప్పుడు పాత ముక్కను జేబులో వేసుకుని వెళ్ళడం మంచిది. ఈ ముక్క ప్లాస్టిక్‌ది అయితే నాదం మొద్దుగా ఉంటుందనీ, ఎముకది వేస్తే గంటలా మోగుతుందనీ వాయించేవారిలో గట్టి నమ్మకం ఉంది. చర్చి క్వయర్‌లో వాయించే అన్నయ్యో, గిటారు నేర్పే మాస్టారో ఆ మాట చెప్పగానే మనకు చేతులు దురద పెడతాయి.

నా అభిప్రాయం ముందే చెప్పి మొదలుపెడతాను. నట్‌ను ఏ పదార్థంతో చేశారన్నదానికంటే, దాని గాడులను ఎంత శ్రద్ధగా కోశారన్నదీ, అది తన చోటులో ఎంత కుదురుగా కూర్చుందన్నదీ నాదాన్ని ఎక్కువగా నిర్ణయిస్తాయి. ఎముక నట్ వేయించుకున్నాక గిటారే మారిపోయిందని మురిసిపోయేవారు చాలావరకు వింటున్నది కొత్త తీగలనూ, సరిగా కోసిన గాడులనూ. పదార్థం తేడా లేదని నేను అనను. ఉన్న తేడా ఎక్కడ వినిపిస్తుందో, ఎక్కడ వినిపించదో తెలుసుకుని, ఆ తరువాతే ఆకురాయి చేతపట్టండి అంటాను.

నట్ అధికారం ఎంతవరకు

తీగ మోగడానికి రెండు కొసలు కావాలి. ఒక కొస, గిటారు పెట్టె మీద తీగలను కట్టే బ్రిడ్జిలో నిలబెట్టిన శాడిల్ అనే సన్నని ముక్క. రెండో కొస, వేలు పెట్టకుండా, అంటే ఓపెన్‌గా మీటినప్పుడు నట్. వేలితో నొక్కి మీటినప్పుడు మాత్రం ఆ వేలికి ముందున్న ఫ్రెట్, అంటే మెడ మీద అడ్డంగా దించిన లోహపు కమ్మీ. అంటే మూడో ఫ్రెట్ దగ్గర తీగను నొక్కిన క్షణంలోనే నట్ పక్కకు తప్పుకుంటుంది, అది ఎముకదైనా ప్లాస్టిక్‌దైనా ఆ స్వరానికి పట్టింపు ఉండదు. ఇ మైనర్ కార్డు పట్టుకుంటే నాలుగు తీగలు ఓపెన్‌గా మోగుతాయి గనుక నట్ ప్రభావం నాలుగింటి మీద ఉంటుంది. మామూలు జి మేజర్‌లో మూడు తీగల మీద ఉంటుంది. చూపుడు వేలిని ఆరు తీగల మీద అడ్డంగా పరిచి ఎఫ్ మేజర్ పట్టుకుంటే ఒక్కదాని మీద కూడా ఉండదు.

మీటిన తీగలోని కదలిక రెండు కొసలనూ తాకి వెనక్కి మళ్ళుతూ ఉంటుంది. శాడిల్ వైపు కొస కొంత శక్తిని గిటారు పెట్టె పై చెక్కకు అందించాలి, అందిస్తేనే మనకు శబ్దం వినిపిస్తుంది. నట్ వైపు కొస మాత్రం వీలైనంత తక్కువ తినేసి మిగతాది తీగకే తిరిగి ఇవ్వాలి. మెత్తని పదార్థం, లేదా అడుగున డొల్లగా ఉండి సరిగా ఆనని ముక్క, ఆ కదలికలో అసలు స్వరంతోపాటే సన్నగా మోగే పై స్థాయి అనుస్వరాలను ముందుగా మింగేస్తుంది. అప్పుడు స్వరం ఉంటుంది గాని మెరుపు ఉండదు, త్వరగా సన్నగిల్లుతుంది. గట్టిగా, దట్టంగా ఉండే ఎముక ఆ మెరుపును ఎక్కువసేపు ఉండనిస్తుంది. తీగ ఆనే చోట ఏముందన్నది మన వీణవారికి కొత్త సంగతి కాదు. నూజివీడులో పనసకర్రతో చేసే వీణకు తీగలు ఆనే గుర్రం మీద లోహపు రేకు అమర్చి, దాని వంపును వెంట్రుకవాసి తేడా లేకుండా సరిచేసే వరకు పనివారు వాయిద్యాన్ని వదలరు. గిటారులో ఆ గుర్రానికి సరిపోలేది శాడిల్, నట్ కాదు. శాడిల్ ప్రతి స్వరంలోనూ ఉంటుంది కాబట్టి, రెండింటిలో ఒక్కదానికే డబ్బు ఉంటే శాడిల్‌నే ముందు మార్చండి. అది మార్చడం తేలిక కూడా. గాడిలోంచి పైకి లాగితే వచ్చేస్తుంది.

మొదట తప్పు నట్‌దేనా అని తేల్చుకోండి

ముందుగా తీగలు మార్చండి. ఉక్కపోతకు పెట్టింది పేరైన మన ఊళ్ళలో చేతి చెమటకు కాంస్యపు చుట్టు ఉన్న లావు తీగలు త్వరగా నల్లబడి, మొద్దుబారిపోతాయి. ఆ మొద్దుతనాన్ని నట్ మీదకు నెట్టడం అన్యాయం. కొత్త తీగలు వేసి, ఒకటి రెండు రోజులు వాయించి, అవి సాగడం ఆగాక ఈ కింది పరీక్ష చేయండి.

గిటారును మామూలు శ్రుతికి కలిపి ఆరు తీగలనూ ఒక్కొక్కటిగా ఓపెన్‌గా మీటి, నాదం పూర్తిగా ఆగే వరకు వినండి. ఫోనును పన్నెండో ఫ్రెట్‌కు ఎదురుగా ఒక అడుగు దూరంలో నిలబెట్టి రికార్డు చేసుకుంటే ఇంకా మంచిది. ఫ్యాను ఆపడం మరచిపోకండి. తరువాత ఆరు తీగలనూ అర స్వరం దించి, మొదటి ఫ్రెట్ మీద కేపో (ఆరు తీగలనూ ఒకేసారి నొక్కిపట్టే బిగింపు క్లిప్పు) బిగించండి. ఇప్పుడు స్వరాలు మళ్ళీ మొదటివే, కాని తీగల కొస నట్ మీద కాక మొదటి ఫ్రెట్ మీద ఉంది. అదే వరుసలో మళ్ళీ మీటి రికార్డు చేయండి. తీగ బిగువు కొద్దిగా తగ్గింది గనుక పోలిక నూటికి నూరు పాళ్ళు సమానం కాదు, అయినా చెవికి సరిపోతుంది.

కేపో పెట్టాక ఓపెన్ తీగలు స్పష్టంగా తేరుకుని, గణగణమంటూ ఎక్కువసేపు నిలిస్తే నట్‌లో లోపం ఉన్నట్టే, ఈ వ్యాసంలో తరువాతి భాగం మీ కోసమే. తేడా అంతంతమాత్రంగా ఉంటే ఎంత ఖరీదైన ఎముక వేసినా మీకు దక్కేది ఆ అంతంతమాత్రమే. కేపో పెట్టినా నాదం మొద్దుగానే ఉంటే లోపం శాడిల్‌లోనో, పై చెక్కలోనో ఉంది. నట్ జోలికి వెళ్ళకండి. ఈ ఒక్క పరీక్షతో నా దగ్గరకు గిటారు తెచ్చిన మిత్రుల్లో సగం మందిని అలాగే వెనక్కి పంపాను.

ఇంకో రెండు గుర్తులు చూడండి. శ్రుతి కలిపేటప్పుడు తల మీద తీగను బిగించే కీ తిప్పుతున్నా స్వరం కదలకుండా ఉండి, ఒక్కసారిగా టిక్కుమని ఎగిరితే, తీగ గాడిలో ఇరుక్కుంటోందని అర్థం. ఓపెన్ తీగలన్నీ సరైన శ్రుతిలో ఉన్నా మొదటి ఫ్రెట్ దగ్గర నొక్కిన స్వరాలు హెచ్చుగా పలుకుతూ, ఎఫ్ కార్డు పట్టడానికి వేళ్ళు నొప్పి పుడుతుంటే, గాడులు చాలినంత లోతుగా లేవన్నమాట. ఈ రెండూ పదార్థం తప్పులు కావు, కోత తప్పులు. ఉన్న ప్లాస్టిక్ నట్‌నే సరిచేస్తే పోతాయి. కొత్తగా నేర్చుకునేవారు తమ వేళ్ళలో బలం లేదనుకుని బాధపడే ఎఫ్ కార్డు కష్టంలో మంచి వాటా ఈ గాడులదే.

ఏ పదార్థం

తక్కువ ధర గిటార్లకు వచ్చేవి అచ్చుపోసిన ప్లాస్టిక్ ముక్కలు. వీటిలో కొన్ని అడుగున డొల్లగా ఉంటాయి. వీటినే నిస్సంకోచంగా మార్చవచ్చు. అన్ని ప్లాస్టిక్కులూ ఒకటి కావు. యమహా తన ఎఫ్‌జీ 800 వివరాల్లో నట్ పదార్థం యూరియా అని రాసుకుంది. మిర్చి చేలో చల్లే యూరియా బస్తాలు గుర్తొచ్చి గుంటూరు వాళ్ళం నవ్వుకుంటాం గాని, అది యూరియాను ఫార్మాల్డిహైడ్‌తో కలిపి చేసే గట్టి రెసిన్. డొల్ల ప్లాస్టిక్‌తో దీన్ని ఒకే గాటన కట్టకూడదు.

ఎముక అంటే పశువుల కాలి ఎముకను కొవ్వు తీసి, ఆరబెట్టి, కోసిన బిళ్ళ. గట్టిది, చక్కగా అరుగుతుంది, మెరుగు పెడితే పాలరాయిలా తేలుతుంది. ప్రకృతిలో పుట్టింది కాబట్టి ఒకే ముక్కలో ఒక కొస దట్టంగా, ఇంకో కొస కాస్త గుల్లగా ఉండే అవకాశం ఉంది. బిళ్ళను వెలుతురుకు పట్టి చూసి, చుక్కలూ రంధ్రాలూ లేనిదాన్ని ఎంచుకోండి. కసాయి దుకాణం నుంచి ఎముక తెచ్చి ఇంట్లోనే తయారు చేద్దామనే ఆలోచన మానుకోండి. కొవ్వు పూర్తిగా పోదు, ఇంటిల్లిపాదీ మీ మీద పడతారు.

శాకాహారుల ఇళ్ళలోనూ, భజనలకు వాయించే గిటార్లకూ ఎముక వద్దనుకునేవారు ఉంటారు. వారికి కెనడాకు చెందిన గ్రాఫ్ టెక్ సంస్థ చేసే టస్క్ అనే కృత్రిమ పదార్థం చక్కని ప్రత్యామ్నాయం; వేడితో, ఒత్తిడితో తయారుచేసేది గనుక ముక్క అంతటా ఒకే దట్టంగా ఉంటుంది, గాడులు ముందే కోసి కూడా దొరుకుతుంది. వంటగట్ల మీద పరిచే కోరియన్‌ను మార్టిన్ కంపెనీ కొన్ని గిటార్ల నట్‌లకు వాడింది. వంటగట్లు అమర్చేవారిని మర్యాదగా అడిగితే చేతివేలంత తుంపు ఊరికే ఇస్తారు. నేర్చుకునే చేతికి ఆ తుంపు చాలా మంచిది, పాడుచేసినా మనసుకు బాధ ఉండదు.

ఇత్తడి నట్ ఓపెన్ తీగలను మెరిసేలా పలికిస్తుంది. ఫ్రెట్‌లు కూడా లోహమే కదా, ఓపెన్ స్వరమూ నొక్కిన స్వరమూ ఒకేలా ఉంటాయన్నది దాన్ని ఇష్టపడేవారి వాదం, అందులో తర్కం ఉంది. ఫ్రెట్‌లకు వాడే నికెల్ సిల్వర్‌లో రాగి, నికెల్, జింకు ఉంటాయి, పేరులో తప్ప వెండి ఉండదు. అకౌస్టిక్ గిటారుకు మాత్రం ఇత్తడి నాకు కాస్త కరుకుగా అనిపిస్తుంది. గేదె కొమ్ము ఎముక కంటే మెత్తన, నాదమూ ఒదిగి ఉంటుంది. ఏనుగు దంతం సంగతి ఎత్తవద్దు; వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం దాని వ్యాపారం నేరం. ఇక నట్‌కు ముందే సున్నా ఫ్రెట్ అనే అదనపు ఫ్రెట్ ఉన్న గిటారు మీదైతే, ఓపెన్ తీగ కూడా ఆ ఫ్రెట్ మీదనే ఆనుతుంది కాబట్టి నట్ పదార్థం గురించిన చర్చే అనవసరం.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. ఒక దుకాణంలో ఎముకే అని ఒట్టుపెట్టి ఇచ్చిన ముక్కను ఇంటికి తెచ్చి ఆకురాయితో గీస్తే, సున్నంలాంటి తెల్లని పొడి రాలవలసింది పోయి, పచ్చి కొబ్బరి కోరులా మెలికలు తిరిగిన పీచు ఆకురాయి పళ్ళ మధ్య ఇరుక్కుంది. అది ప్లాస్టిక్. ఎముక గీసినప్పుడు జుట్టు కాలిన వాసన సన్నగా వస్తుంది. గ్రానైటు గచ్చు మీద జానెడు ఎత్తు నుంచి వదిలితే ఎముక టంగుమంటుంది, ప్లాస్టిక్ టప్పుమంటుంది. దుకాణంలోనే ఈ చివరి పరీక్ష చేయవచ్చు, ఎవరూ కాదనరు.

పనిముట్లు

నట్ గాడుల కోసమే చేసిన ఆకురాళ్ళు దొరుకుతాయి గాని ఒక్క నట్ కోసం కొనేంత చవక కాదు. విజయవాడ ఆటోనగర్ దగ్గరుండగా మనకు దిగులు లేదు. వాల్వు సందులు చూడటానికి మెకానిక్కులు వాడే, రకరకాల మందాల సన్నని రేకులున్న ఫీలర్ గేజి ఒకటి, గ్యాస్ వెల్డింగ్ నాజిల్ శుభ్రం చేసే గరుకు పుల్లల కట్ట ఒకటి అక్కడ కొనండి. ఆ పుల్లలు రకరకాల మందాల్లో ఉంటాయి, గుండ్రని అడుగు ఉన్న గాడిని అవే చేస్తాయి. బంగారం పనివారు వాడే సన్నటి ఆకురాయి, సన్నటి పళ్ళ రంపపు బ్లేడు, 120, 400, 1000 నంబర్ల సాండ్ పేపర్, చదునైన గాజు ముక్క, చిన్న వైస్, డిజిటల్ కాలిపర్, మూతికి మాస్కు. ఎముక పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. మాస్కు లేకుండా ఎముక అరగదీయకండి.

పాత నట్ తీయడం

తీగలన్నీ వదులు చేసి తీసేయండి. నట్ అంచుల వెంబడి లక్క పూత కప్పి ఉంటే, పదునైన బ్లేడుతో ఆ గీత వెంట మెల్లగా గీయండి. గీయకుండా కొడితే పూత పెంకులుగా లేచి, తల భాగం మీద మచ్చ మిగిలిపోతుంది. చిన్న చెక్క ముక్కను ఫ్రెట్ బోర్డు మీద పెట్టి, దాని కొసను నట్‌కు ఆనించి, తల వైపుకు చిన్న సుత్తితో తట్టండి. తలుపు మీద మునివేళ్ళతో కొట్టినంత బలం చాలు. రెండు మూడు దెబ్బలకు కదలకపోతే బలం పెంచకండి, వేడి సాల్డరింగ్ ఐరన్‌ను నట్ పైభాగానికి నిమిషంపాటు తాకించి మళ్ళీ తట్టండి. నట్ వెనక కూడా చెక్క అడ్డు ఉండి, గాడిలాంటి చోట దిగి ఉంటే ఇలా కొట్టకూడదు. పక్క నుంచి నెట్టాలి.

నట్ వచ్చాక ఆ చోటును చూడండి. పాత జిగురు గడ్డలు, చెక్క పొట్టు, ఒక్కోసారి ఎత్తు చాలక పెట్టిన కాగితం ముక్క కూడా కనిపిస్తాయి. వాటన్నింటినీ గీకి, చదును చేయండి. నాదం విషయంలో పదార్థం ఇచ్చే లాభంలో సగం ఈ శుభ్రతే ఇస్తుందని నా అనుభవం.

బిళ్ళను చోటుకు సరిపెట్టడం

పాత నట్ పొడవు, మందం, రెండు కొసల ఎత్తు కాలిపర్‌తో కొలిచి రాసుకోండి. అకౌస్టిక్ గిటార్లలో నట్ వెడల్పు సాధారణంగా 43 నుంచి 44.5 మిల్లీమీటర్లు, నైలాన్ తీగల క్లాసికల్ గిటారుకు 52 వరకు ఉంటుంది. గాజు మీద 120 నంబరు సాండ్ పేపర్ పరిచి, బిళ్ళ అడుగును దాని మీద ఎనిమిది ఆకారంలో తిప్పుతూ రుద్దండి. మధ్యమధ్య బిళ్ళను గాజు మీద నిలబెట్టి, వెనక దీపం పెట్టి చూడండి. అడుగున ఎక్కడా వెలుతురు చొరబడకూడదు. మందాన్ని కూడా అలాగే, కొద్దికొద్దిగా తగ్గించండి. నట్ వేలితో నొక్కితే దిగాలి, గిటారును బోర్లించితే రాలిపోకూడదు. ఆ బిగి వచ్చే వరకు తొందరపడకండి. పై ఎత్తు మాత్రం రెండు మిల్లీమీటర్లు ఎక్కువగానే ఉంచండి.

ఒక పెన్సిల్‌ను నిలువునా సగానికి అరగదీసి, చదును వైపును ఫ్రెట్‌ల మీద పడుకోబెట్టి, నట్ ముఖం మీద గీత గీయండి. ఫ్రెట్‌ల ఎత్తు నట్ మీద ఎక్కడికి వస్తుందో ఆ గీత చెబుతుంది. గాడి ఏదీ దాని కిందికి దిగకూడదు.

గాడుల మధ్య దూరం

పాత నట్ దూరాలు బాగుంటే వాటినే కొత్త దాని మీదకు ఎక్కించుకోండి. కొత్తగా లెక్క వేయాలంటే, తీగల నడిబొడ్డుల మధ్య కాక తీగల అంచుల మధ్య ఖాళీలు సమానంగా ఉండాలి. లేకపోతే లావు తీగలు ఇరుకుగా, సన్న తీగలు విడివిడిగా వేలికి తగులుతాయి. అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన 12 నుంచి 53 వరకు ఉండే మామూలు లైట్ సెట్టులో తీగల మందాలు సుమారు 0.30, 0.41, 0.61, 0.81, 1.07, 1.35 మిల్లీమీటర్లు, అన్నీ కలిపితే 4.55. 43 మిల్లీమీటర్ల నట్ మీద రెండు పక్కలా 3.25 వదిలితే మిగిలేది 36.5; అందులోంచి 4.55 తీసేసి ఐదు ఖాళీలకు పంచితే ఒక్కొక్కటి 6.4 వస్తుంది. అన్నింటికంటే సన్ననిదైన ఒకటో తీగ బయటి పక్క ఖాళీ తక్కువైతే వాయించేటప్పుడు తీగ ఫ్రెట్ అంచు మీంచి జారిపోతుంది, కాబట్టి ఆ వైపు పిసినారితనం వద్దు.

గాడులు కోయడం

ఈ పని దగ్గర మాత్రం నిదానించాలి. నాదమంతా ఇక్కడే నిలుస్తుంది లేదా పోతుంది.

గీసుకున్న ఆరు గుర్తుల మీద రంపపు బ్లేడుతో సన్నని చార పెట్టి, తరువాత ఆ తీగకు తగిన పుల్లతో వెడల్పు చేయండి. గాడి తీగ కంటే 0.05 మిల్లీమీటరు మాత్రమే వెడల్పుగా ఉండాలి. ఇరుకైతే తీగ ఇరుక్కుని టిక్కుమంటుంది, వదులైతే లోపల అటూఇటూ కదిలి మెరుపు పోగొడుతుంది. గాడి అడుగు తల వైపుకు, కీ ఉన్న దిశలోనే, ఏటవాలుగా దిగాలి. తీగ ఆనవలసింది నట్ ముందు అంచు మీద, ఫ్రెట్ బోర్డు వైపు అంచు మీద మాత్రమే. ఆకురాయికి గిటారు తల వైపున్న కొసను కాస్త పైకెత్తి పట్టుకుంటే ముందు అంచు అరిగిపోతుంది, కిందికి దించి పట్టుకుంటే సరైన వాలు వస్తుంది.

ఈ సంగతి నేను ఖర్చుపెట్టి నేర్చుకున్నాను. నా నాలుగో నట్ మంచి ఎముకది, తీగలు కొత్తవి, అయినా రెండో తీగ ఓపెన్‌గా మీటితే సితారులా జీరపోయింది. మొదటి ఫ్రెట్ నొక్కగానే ఆ జీర మాయం. గాడి మరీ లోతైపోయిందనుకుని ముక్కను పారేయబోయాను. భూతద్దం పెట్టి చూస్తే గాడి అడుగు చదునుగా ఉండి, తీగ ముందు అంచు మీద కాక మధ్యలో ఆనుతోంది. ఆ ఆనిన చోటికీ ముందు అంచుకూ మధ్య తీగ గాడి నేలను తాకుతూ జుమ్మంటోంది. తంబురాలో తీగ కింద దారప్పోగు జరిపి కావాలని తెప్పించుకునే నాదమే అది, గిటారుకు మాత్రం అక్కర్లేదు. ముందు అంచును ముట్టకుండా వెనక భాగాన్ని నాలుగుసార్లు గీస్తే సరిపోయింది.

లోతు ఎంత అన్నదానికి ఫీలర్ గేజి వాడండి. మొదటి రెండు ఫ్రెట్‌ల మీద ఉక్కు స్కేలు పెట్టి, దాని కింద ఎన్ని రేకులు పడతాయో చూస్తే ఫ్రెట్ ఎత్తు తెలుస్తుంది; అది 1.10 అనుకుందాం. లావు తీగల గాడుల అడుగు దానికి 0.2 మిల్లీమీటరు పైన, సన్న తీగలవి 0.1 పైన ఆగాలి. అంటే ఆరో తీగకు 1.30 మందం వచ్చేలా రేకులు కలిపి, నట్‌కు ఆనించి ఫ్రెట్ బోర్డు మీద పరచండి. ఆకురాయి గాడిలోంచి దిగి రేకు మీద గీరుకున్న శబ్దం రాగానే చేయి ఆపండి. సన్న తీగల దగ్గర 1.20 మందం సరిపోతుంది.

చివరి తడవ గీతలు తీగ వేసి, శ్రుతి కలిపి, చూసి, మళ్ళీ వదులు చేసి గీయండి. విసుగు పుట్టించే పని, కాని దీనికి దొడ్డిదారి లేదు. చూసే పద్ధతి ఇది: తీగను రెండో, మూడో ఫ్రెట్‌ల మధ్య నొక్కి, మొదటి ఫ్రెట్ మీద ఉన్న సందును చూడండి. మామూలు తెల్లకాగితం మందం సుమారు 0.1 మిల్లీమీటరు. లావు తీగల కింద ఆ కాగితం తగిలీ తగలనట్టు జారాలి. సన్న తీగల కింద జారకూడదు, అయినా మొదటి ఫ్రెట్ దగ్గర తీగను వేలితో తడితే టిక్కుమని చిన్న కదలిక వినిపించాలి. ఆ టిక్కు కూడా లేకపోతే లోతు ఎక్కువైంది.

ఎక్కువైతే ఏం చేయాలి? ఎముక పొడిని గాడిలో నింపి ఒక్క చుక్క ఫెవిక్విక్ వదిలితే రాయిలా గట్టిపడుతుంది, మళ్ళీ గీసుకోవచ్చు. వంటసోడాతో కూడా ఇదే చేయవచ్చు. ఆ మాటు తాత్కాలికమే. ఓపెన్ తీగ నాదం కోసమే ఇంత శ్రమ పడుతున్నప్పుడు, తీగ ఆనే చోటే జిగురు ఉంటే ఎముక వేసిన ప్రయోజనం ఏముంది?

గాడులు కుదిరాక పైభాగాన్ని అరగదీయండి. లావు తీగలు సగం మందం వరకే గాడిలో మునగాలి, సన్న తీగలు పూర్తిగా మునిగి నట్ పైభాగంతో సమానంగా ఉంటే చాలు. 400, తరువాత 1000 నంబరు సాండ్ పేపర్‌తో మెరుగు పెట్టి, గాడుల్లో మెత్తని పెన్సిల్ ముల్లు పొడి రాయండి, తీగ సాఫీగా జారుతుంది.

అతికించడం

ఒకటి రెండు చిన్న చుక్కల జిగురు, అది కూడా నట్ అడుగున మాత్రమే. నట్‌ను పట్టి ఉంచేది తీగల బిగువే. జిగురు పని తీగలు మార్చేటప్పుడు ముక్క రాలిపోకుండా చూడటం ఒక్కటే. జిగురు దండిగా పోస్తే అది చెక్కకూ ఎముకకూ మధ్య మెత్తని పొరలా నిలుస్తుంది, రేపు మళ్ళీ తీయవలసి వచ్చినప్పుడు చెక్కను చీల్చుకుని వస్తుంది.

విని చూడటం

ఇప్పుడు మొదట చేసుకున్న రికార్డును తీయండి. అదే గది, అదే దూరం, అదే పిక్. వీలైతే అదే సెట్టు తీగలు, లేదా అదే రకం కొత్త తీగలు. ముందు ఒక్కొక్క ఓపెన్ తీగ మీటి, నాదం ఆగే వరకు లెక్కపెట్టండి. తరువాత మూడో తీగను నాలుగో ఫ్రెట్ దగ్గర నొక్కి మీటి, వెంటనే రెండో తీగను ఓపెన్‌గా మీటండి. రెండూ ఒకే స్వరం. తీగ మందంలో తేడా వల్ల కొంత భేదం ఎప్పుడూ ఉంటుంది గాని, పాత నట్‌తో ఓపెన్ స్వరం దుప్పటి కప్పినట్టు ఉండి, ఇప్పుడు నొక్కిన స్వరానికి దగ్గరగా వచ్చిందంటే పని ఫలించింది. ఇ మైనర్ కార్డులో తేడా బాగా తెలుస్తుంది. అడ్డవేలు ఎఫ్‌లో తేడా వినిపించిందని మీకు అనిపిస్తే అది మీ శ్రమ మీద మీకున్న ప్రేమ, లేదా కొత్త తీగలు. నట్ మాత్రం కాదు.

రెండు మూడు వారాలు వాయించాక గాడులను మరొకసారి చూడండి. కొత్త ఎముక మీద తీగలు కొద్దిగా కుదురుకుంటాయి. పైగా మే నెల ఎండకూ, ఏసీ గదికీ, జులై తేమకూ మన గిటార్ల మెడ ఒకే తీరున ఉండదు. మెడ వంపు మారినప్పుడు తీగలు జర్రుమంటే ముందు మెడ లోపల వంపును సరిచేసే ఇనుప కడ్డీని, అంటే ట్రస్ రాడ్‌ను సరిచేయించండి, నట్‌ను గీయకండి. పాత ప్లాస్టిక్ నట్‌ను చిన్న కవరులో వేసి గిటారు సంచి జేబులో దాచండి. తీగల సెట్టు మార్చి లావువి వేయాలనిపించినప్పుడు, లేదా గిటారు అమ్మవలసి వచ్చి, కొనేవారి ఇంట్లో ఎముక పనికిరాదన్నప్పుడు అక్కరకొస్తుంది.